డ్రాఫ్ట్‌కి ముందు కాలేజ్ రన్నింగ్ బ్యాక్‌లను పోల్చి చూడటం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏటా కాలేజ్ ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం, రన్నింగ్ బ్యాక్ అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. వీళ్లని పోల్చేటప్పుడు మొదట చేయాల్సిన పని, స్టాట్స్ పేజీలో మొత్తం యార్డుల కాలమ్‌ని కాసేపు పట్టించుకోకపోవడం. 1,500 యార్డులు పరిగెత్తినవాడు 900 యార్డులవాడికంటే మెరుగని ఆ కాలమ్ చెప్పదు. ఎవరికి బంతి ఎక్కువసార్లు ఇచ్చారో, ఎవరి ముందు లైన్ (దారి తెరిచే బ్లాకర్ల వరస) గట్టిగా ఉందో చెబుతుంది, అంతే. 2017 డ్రాఫ్ట్ చూడండి. ఆల్విన్ కమారా టెనెసీలో ఆడిన రెండు సీజన్లూ కలిపినా 210 క్యారీలే (బంతి పట్టుకుని చేసిన పరుగులు). 67వ పిక్ (ఎంపికల వరసలో 67వ స్థానం) దాకా అతని పేరు పిలవలేదు, తీరా ఆ ఏడాది ఆఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు) అతనే. టొలీడో లాంటి చిన్న ప్రోగ్రామ్ నుంచి వచ్చిన కరీమ్ హంట్ 86వ పిక్, రూకీగానే 1,327 యార్డులతో లీగ్ మొత్తానికి టాప్. ఆరన్ జోన్స్ అయితే 182వ పిక్. వీళ్లందరి టేప్ (గేమ్‌ల వీడియో) అప్పుడూ అందరి ముందే ఉంది, చూసిన పద్ధతిలోనే తేడా.

ఏ పద్ధతి పట్టుకున్నా చివరికి తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ యార్డుల్లో అతను సంపాదించుకున్నవి ఎన్ని, లైన్ చేతిలో పెట్టినవి ఎన్ని.

ముందు జతలు కట్టండి

ఇరవై మందిని ఒకేసారి వరసలో నిలబెట్టి ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు వేయాలని చూస్తే బుర్ర వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఇద్దరిద్దరిని తీసుకోండి, అదీ ఒకే రకం పనివాళ్లని. 230 పౌండ్ల బరువుతో మొదటి రెండు డౌన్లలో (10 యార్డులు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటీ ఒక డౌన్) గుద్దుకుంటూ వెళ్లేవాడినీ, 195 పౌండ్లతో మూడో డౌన్‌లో పాస్ అందుకునేవాడినీ పక్కపక్కన పెడితే మీరు పోల్చేది ఆటగాళ్లని కాదు, రెండు వేరే ఉద్యోగాలని.

ఒకే జట్టులో ఇద్దరు ప్రాస్పెక్ట్‌లు దొరికితే అంతకంటే అదృష్టం లేదు. అదే లైన్, అదే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు), అవే ప్రత్యర్థి జట్లు. అక్కడ కూడా సగటు చూసి మోసపోవచ్చు, అది వేరే సంగతి. 2017లో జార్జియా తరఫున సోనీ మిషెల్ 156 క్యారీల్లో 1,227 యార్డులు చేశాడు, అంటే క్యారీకి 7.9. నిక్ చబ్ 223 క్యారీల్లో 1,345, అంటే 6.0. డ్రాఫ్ట్‌లో మిషెల్ 31వ పిక్, చబ్ 35. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లాక చబ్ మొదటి ఐదు సీజన్లలో ఒక్కసారి కూడా సగటు 5 కిందికి పోలేదు, మిషెల్ ఆ స్థాయిలో నిలకడగా ఆడలేకపోయాడు. ఎక్కువసార్లు బంతి మోసేవాడు షార్ట్ యార్డేజ్‌లో (ఒకటి రెండు యార్డులే కావాల్సినచోట), గోల్ లైన్ దగ్గర, అందరికీ రన్ అని తెలిసిపోయిన డౌన్లలో మోస్తాడు కాబట్టి అతని సగటు తగ్గడం మామూలే. 2024 ఒహాయో స్టేట్‌లో ట్రెవియాన్ హెండర్సన్ సగటు 7.1, క్విన్షాన్ జడ్కిన్స్ సగటు 5.5, అయినా 2025లో జడ్కిన్స్ 36వ పిక్‌గా వెళ్లాడు, హెండర్సన్ 38వ పిక్‌గా. అంటే జట్లు కూడా ఈ రెండు సగటుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి తేల్చేయలేదన్నమాట.

సగటుని విప్పి చూడండి

ఒక లెక్క వేద్దాం. ఇద్దరు రన్నర్లు, ఒక్కొక్కరికి 20 క్యారీలు, 120 యార్డులు, సగటు 6. మొదటివాడి పొడవైన పరుగు 75 యార్డులు. అది తీసేస్తే మిగతా 19 క్యారీల్లో 45 యార్డులు, క్యారీకి 2.4. రెండోవాడి పొడవైన పరుగు 18. అది తీసేసినా మిగతా 19 క్యారీల్లో 102, అంటే క్యారీకి 5.4. స్టాట్స్ పేజీలో ఇద్దరూ ఒకటే.

అలాగని ఆ 75 యార్డుల పరుగుని చెత్తబుట్టలో పడేయకూడదు, అంత దూరం ఎవరికీ చిక్కకుండా వెళ్లడం కూడా టాలెంటే, అందరికీ ఉండదు. చేయాల్సిందల్లా రెండు ప్రశ్నల్ని విడదీయడం. ఎంత తరచుగా జట్టుని దారిలో ఉంచాడు? దీనికి సక్సెస్ రేట్ చూడండి. మామూలుగా వాడే కొలత ప్రకారం మొదటి డౌన్‌లో కావాల్సిన యార్డుల్లో 40 నుంచి 50 శాతం, రెండో డౌన్‌లో 60 నుంచి 70 శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం వస్తే ఆ క్యారీ సక్సెస్. రెండో ప్రశ్న, వందలో ఎన్ని క్యారీలు 10 యార్డులు దాటాయి? రెండింటిలోనూ పైన ఉన్నవాడు అరుదు. ఒకదాంట్లో పైన, ఇంకోదాంట్లో కింద ఉన్నవాడైతే ఎందుకో టేప్‌లో వెతకాలి.

ఆ తర్వాత కాంటాక్ట్ అయ్యాక వచ్చిన యార్డులు, తప్పించిన టాకిల్స్ (పట్టుకుని పడేసే ప్రయత్నాలు). ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ లాంటి స్టాట్స్ సైట్లలో ఈ లెక్కలు ఉంటాయి. మొదటి డిఫెండర్ చెయ్యి తగిలేలోపు వచ్చిన యార్డులు ఎక్కువగా లైన్ ఖాతాలోవి, తగిలాక వచ్చినవి ఎక్కువగా రన్నర్ ఖాతాలోవి. ‘ఎక్కువగా’ అని ఎందుకంటున్నానంటే, తెలివైన రన్నర్ తన అడుగులతోనే లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ ముందు వరస వెనక నిలబడేవాడిని) తప్పు గ్యాప్‌లోకి (బ్లాకర్ల మధ్య సందులోకి) లాగేసి బ్లాకర్ పని సులువు చేస్తాడు, ఆ క్రెడిట్ ఏ టేబుల్‌లోనూ కనిపించదు.

బాక్స్‌లో, అంటే పరుగుని ఆపడానికి లైన్ దగ్గర, ఎంతమంది డిఫెండర్లు ఉన్నారో కూడా చూడాలి. నలుగురు రిసీవర్లని పక్కలకి పరిచేసి, క్వార్టర్‌బ్యాక్ భయంతో డిఫెన్స్ ఆరుగురినే బాక్స్‌లో ఉంచితే, ఆ యార్డులు ఫ్లాట్ పిచ్ మీద కొట్టిన సెంచరీ లాంటివి. పరుగులు పరుగులే, కానీ బ్యాట్స్‌మన్ గురించి అవి చెప్పేది తక్కువ. 2019 ఎల్‌ఎస్‌యూ జట్టులో జో బరో, జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ ముగ్గురూ ఉన్నారు. ఆ ఆఫెన్స్‌లో క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలైర్ 1,414 యార్డులు పరిగెత్తాడు, 55 పాస్‌లు అందుకున్నాడు, 2020లో అందరికంటే ముందు, 32వ పిక్‌గా వెళ్లాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క సీజన్‌లోనూ రన్నింగ్‌లో వెయ్యి యార్డులు దాటలేదు. విస్కాన్సిన్‌లో బాక్స్ నిండా మనుషుల్ని ఎదుర్కొన్న జొనాథన్ టేలర్ 41వ పిక్, 2021లో 1,811 యార్డులతో లీగ్ టాపర్.

ప్రత్యర్థుల సంగతి కూడా ఇక్కడే చూసేయండి. కింది డివిజన్ జట్ల మీద ఆడిన గేమ్, 35 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పటి నాలుగో క్వార్టర్, ఇవి రెండూ తీసేసి సగటు మళ్లీ లెక్కపెట్టండి. ఆష్టన్ జాంటీ 2024లో బోయిసీ స్టేట్‌కి 2,601 యార్డులు చేశాడు. 1988లో బారీ శాండర్స్ చేసిన 2,628కి కొంచెంలో ఆగిపోయాడు (శాండర్స్ లెక్క 11 గేమ్‌లది, జాంటీది 14, ఇది మర్చిపోయి వాదించేవాళ్లే ఎక్కువ). ‘చిన్న కాన్ఫరెన్స్ కదా’ అనే మాట సహజంగానే వచ్చింది. దానికి జవాబు మొత్తంలో వెతక్కూడదు, ఆరెగన్ మీద 25 క్యారీల్లో 192 యార్డులు, పెన్ స్టేట్ మీద 30 క్యారీల్లో 104 యార్డులు, ఈ రెండు గేమ్‌ల టేప్‌లో వెతకాలి. ముఖ్యంగా రెండోది. ఆ 30లో అసలు దారి దొరికినవి ఎన్ని, దారి లేనిచోట రెండు యార్డులైనా లాక్కున్నవి ఎన్ని అని ఒక్కొక్కటీ ఆపి చూస్తే అతను 6వ పిక్‌గా ఎందుకు వెళ్లాడో తెలుస్తుంది.

టేప్ చూసే పద్ధతి

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. హైలైట్ వీడియోలు వద్దు, వాటిలో అందరూ దేవుళ్లే. ఒక్కో ఆటగాడికి మూడు గేమ్‌లు ఎంచుకోండి: అతను ఎదుర్కొన్న వాటిలో అత్యంత గట్టి డిఫెన్స్ మీద ఒకటి, మామూలు జట్టు మీద ఒకటి, జట్టు వెనకబడి పాస్ ఎక్కువ ఆడాల్సి వచ్చినది ఒకటి. బంతి అతని చేతికి రాని స్నాప్‌లు (బంతి వెనక్కి అందించగానే మొదలయ్యే ఒక్కో ప్లే) కూడా చూడాలి. వెనక నుంచి తీసిన కోణం దొరికితే చాలా మంచిది, లేకపోతే టీవీ బ్రాడ్‌కాస్ట్‌తోనే సర్దుకోవచ్చు.

ప్రతి క్యారీకి హ్యాండాఫ్ (క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నర్ చేతికిచ్చే క్షణం) దగ్గర వీడియో ఆపండి. ఇప్పుడు మీరు రన్నర్ కళ్లతో చూడండి: ఎక్కడ దారి ఉంది, ఎవరు ఫ్రీగా ఉన్నారు. మీ సమాధానం అనుకున్నాక ప్లే నొక్కండి.

ఉదాహరణకి రెండో డౌన్, 7 యార్డులు కావాలి, కుడివైపు ఇన్‌సైడ్ జోన్ (లైన్ అంతా ఒకే వైపు కదిలే లోపలి పరుగు) అనుకోండి. బంతి అందుకున్నాక మంచి రన్నర్ మొదటి రెండు అడుగులు తను వెళ్లబోయే చోటికి వేయడు, గార్డ్ (లైన్‌లో మధ్యవాడి పక్కనుండే బ్లాకర్) వీపు వైపు నేరుగా వేస్తాడు, ఎందుకంటే లైన్‌బ్యాకర్ ఆ గ్యాప్‌కి కట్టుబడేదాకా ఆగాలి. లైన్‌బ్యాకర్ భుజం అటు తిరిగిన క్షణంలో, మూడో అడుగులో, ఎడమవైపు కట్. సాదా రన్నర్ అయితే ఖాళీ కనబడగానే మొదటి అడుగులోనే అటు తిరిగేస్తాడు, లైన్‌బ్యాకర్ కూడా అతనితో పాటే తిరుగుతాడు, రెండు యార్డులతో ముగుస్తుంది, స్టాట్స్ చూసినవాడు లైన్‌ని తిట్టుకుంటాడు. ఒక గేమ్‌లో ఇలాంటి స్నాప్‌లు పది గమనిస్తే చాలు, అతని విజన్ మీద మీకొక అభిప్రాయం వస్తుంది. పవర్, కౌంటర్ లాంటి గ్యాప్ స్కీమ్ పరుగుల్లో చూడాల్సింది వేరు: గార్డ్ పుల్ అయి (తన చోటు వదిలి పక్కకి పరిగెత్తి) వచ్చేదాకా అతని వెనక ఓపిగ్గా ఉంటాడా, లేక అతన్ని దాటేసి గోడకి గుద్దుకుంటాడా. లెవియాన్ బెల్ 40 యార్డులు 4.60 సెకన్లలో పరిగెత్తాడు, 2013లో 48వ పిక్, వేగంతో ఎవరినీ భయపెట్టలేదు, లైన్ వెనక దాదాపు ఆగిపోయి దారి తెరుచుకునేదాకా చూసే ఓపికతోనే లీగ్‌లో అగ్రశ్రేణికి వచ్చాడు.

దీనికి పూర్తిగా అవతలి ఉదాహరణ ట్రెంట్ రిచర్డ్‌సన్. అలబామా లైన్ వెనక అద్భుతంగా కనిపించాడు, 2012లో 3వ పిక్. రూకీగా 950 యార్డులు, సగటు 3.6. మరుసటి సెప్టెంబర్‌లోనే బ్రౌన్స్ అతన్ని కోల్ట్స్‌కి ట్రేడ్ చేశారు, కోల్ట్స్ బదులుగా ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చుకున్నారు, అక్కడ ఆ సీజన్‌లో సగటు 3 కూడా దాటలేదు. బలం, బరువు, వేగం అన్నీ ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దారి తెరుచుకునేది చిటికెడు సేపు, అది కనబడకపోతే మిగతావి ఉన్నా లాభం లేదు. అందుకే గొప్ప లైన్ ఉన్న జట్టు రన్నర్‌ని చూసేటప్పుడు లైన్ ఓడిపోయిన స్నాప్‌లని మాత్రమే విడిగా ఏరి చూడండి. అలాంటివి తక్కువే దొరుకుతాయి, కానీ మొత్తం సీజన్‌లో అసలు సమాచారం వాటిలోనే ఉంటుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ప్రతి ప్లేకి బంతిని హాష్ మార్కులనే రెండు గీతల వరసల మీదో మధ్యో పెడతారు. కాలేజ్ మైదానంలో వాటి మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఒక హాష్ మీద ఉంటే కాలేజీలో అవతలి వైపు బోలెడంత ఖాళీ. లోపల దారి మూసుకుపోయిన ప్రతిసారీ బయటికి తిప్పేసి ఆ వెడల్పులోకి పారిపోయే రన్నర్‌కి అక్కడ 15 యార్డులు వస్తాయి. అదే పరుగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సైడ్‌లైన్ దగ్గర మైనస్ రెండు. పెద్ద పరుగుల్లో ఎన్ని ఇలా వెడల్పు వైపుకి బౌన్స్ అయినవో లెక్కపెట్టి, అవి సగం కంటే ఎక్కువుంటే గ్రేడ్ తగ్గించండి, మొహమాటం వద్దు.

బంతి చేతిలో లేనప్పుడు

పాస్ ప్రొటెక్షన్ (పాస్ విసిరేటప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం) రానివాడిని కోచ్ మూడో డౌన్‌లో మైదానంలో ఉంచడు, ఎంత బాగా పరిగెత్తినా సరే. క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలితే ఉద్యోగాలు పోయేది కోచ్‌లవి. స్నాప్‌కి ముందు అతని తల ఎటు తిరుగుతోందో చూడండి, బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదకి అదనంగా దూసుకురావడం) ఎవరు చేయబోతున్నారో వెతుకుతున్నాడా లేదా. వచ్చినవాడిని ముందుకెళ్లి ఛాతీతో ఆపుతున్నాడా, క్వార్టర్‌బ్యాక్ ఒళ్లో నిలబడి ఎదురుచూస్తున్నాడా, లేక కాళ్ల మీదకి దూకి దండం పెట్టేస్తున్నాడా. హెండర్సన్‌కి పేరొచ్చింది పరుగు ఒక్కదానికే కాదు, ఈ పనికి కూడా. కొన్ని కాలేజ్ ఆఫెన్సులు రన్నర్‌ని ఈ పని అసలు అడగవు, అలాంటప్పుడు సీజన్ మొత్తంలో ఇరవై స్నాప్‌లే దొరికితే మంచి అనీ చెడ్డ అనీ రాయకండి, ‘చూడలేదు’ అని రాయండి.

రిసీవింగ్‌లో క్యాచ్‌ల సంఖ్య కాదు, రూట్లు (పాస్ కోసం పరిగెత్తే దారులు) చూడండి. 40 క్యాచ్‌లూ స్క్రీన్‌లూ స్వింగ్ పాస్‌లే అయితే అవి ఒకరకంగా పొడవైన హ్యాండాఫ్‌లే. లైన్‌బ్యాకర్‌ని ఎదురుగా పెట్టుకుని లోపలికో బయటికో కట్ చేసే ఆప్షన్ రూట్, సైడ్‌లైన్ పక్కన పైకి వెళ్లే వీల్ రూట్, ఇవి కనిపిస్తే అది నిజమైన రిసీవింగ్. క్రిస్టియన్ మెకాఫ్రీ 8వ పిక్‌గా వెళ్లింది ఇందుకే.

ఫంబుల్స్ మొత్తంగా కాదు, ఎన్ని క్యారీలకి ఒకటో చూడాలి. టేలర్ మూడేళ్లలో 18 సార్లు జారవిడిచాడని డ్రాఫ్ట్‌కి ముందు తెగ చర్చించారు, కానీ అవి 926 క్యారీల మీద, సుమారు 50 క్యారీలకి ఒకటి. తక్కువేం కాదు, కానీ మొత్తం విన్నప్పుడు అనిపించినంత ఘోరమూ కాదు. కరీమ్ హంట్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తన మొట్టమొదటి క్యారీలోనే ఫంబుల్ చేశాడు, అదే గేమ్‌లో రన్నింగ్, రిసీవింగ్ కలిపి 246 యార్డులు చేశాడు.

కంబైన్ నంబర్లు

ఇండియనాపొలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లకి జరిగే శారీరక పరీక్షల్లో) వచ్చే 40 యార్డుల టైమ్‌ని బరువుతో కలిపి తప్ప చూడకండి. స్పీడ్ స్కోర్ అని ఒక లెక్క ఉంది: బరువుని 200తో గుణించి, 40 టైమ్ నాలుగో ఘాతంతో (టైమ్ × టైమ్ × టైమ్ × టైమ్) భాగించాలి. 100 వస్తే సగటు. క్రిస్ జాన్సన్ 2008లో 197 పౌండ్లతో 4.24 పరిగెత్తాడు, స్కోర్ దాదాపు 122. టేలర్ 226 పౌండ్లతో 4.39, అతనిదీ దాదాపు 122. టైమ్‌లో అంత తేడా, స్కోర్‌లో ఏమీ లేదు. ఎడ్వర్డ్స్-హెలైర్ 207 పౌండ్లు, 4.60, స్కోర్ 92. ఇంతవరకు బాగానే ఉంది అనుకునేలోపు కరీమ్ హంట్ వస్తాడు: 216 పౌండ్లు, 4.62, స్కోర్ 95, అయినా లీగ్ టాపర్. కాబట్టి ఈ నంబర్‌ని టేప్ మీద అనుమానం వచ్చినచోట సాక్ష్యంగా వాడండి, అంతకుమించి వద్దు. ప్రో డే (కాలేజ్‌లోనే జరిగే పరీక్ష) టైమ్‌లు చేత్తో తీసేవి, సాధారణంగా కాస్త ఉదారంగా ఉంటాయి, వాటిని కంబైన్ టైమ్‌లతో కలిపి ఒకే కాలమ్‌లో రాయొద్దు. మొదటి 10 యార్డుల స్ప్లిట్ దొరికితే అదీ రాసుకోండి, రన్నింగ్ బ్యాక్ రోజూ వాడేది ఆ దూరమే.

వయసు, అరుగుదల, గాయాలు

రూకీ కాంట్రాక్ట్ నాలుగేళ్లు, ఫస్ట్ రౌండ్ వాళ్లకి ఐదో ఏడాది ఆప్షన్ ఉంటుంది. 21 ఏళ్లకి వచ్చినవాడూ 24 ఏళ్లకి వచ్చినవాడూ మిగతా అన్నింట్లో సమానమైతే చిన్నవాడినే పైన పెట్టండి. కాలేజ్ క్యారీల సంఖ్య మీద మాత్రం మరీ భయపడక్కర్లేదు. జోష్ జేకబ్స్ అలబామాలో మొత్తం 251 క్యారీలే చేసి వచ్చి 2022లో 1,653 యార్డులతో టాపర్ అయ్యాడు, 926 మోసిన టేలర్ 2021లో అయ్యాడు.

గాయాల విషయంలో మనకి తెలిసేది చాలా తక్కువ, మెడికల్ రిపోర్టులు జట్ల దగ్గరే ఉంటాయి. టాడ్ గర్లీ 2014 నవంబర్‌లో ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) తెగినా 10వ పిక్‌గా వెళ్లి ఆఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. అంతకంటే ఘోరంగా మోకాలు దెబ్బతిన్న మార్కస్ లాటిమోర్ 2013 నాలుగో రౌండ్‌లో వెళ్లి ఒక్క గేమ్ కూడా ఆడలేకపోయాడు. బయట కూర్చుని ఎవరు గర్లీ, ఎవరు లాటిమోర్ అని చెప్పడం మన వల్ల కాదు. గాయాన్ని విడిగా ఒక గుర్తుతో రాసుకోండి, గ్రేడ్‌లో కలపొద్దు.

లిస్టు ఎలా తేల్చాలి

విజన్, కాంటాక్ట్ తర్వాతి యార్డులు, ఈ రెండింటికీ నేను సగం బరువు ఇస్తాను. పాస్ ప్రొటెక్షన్, రిసీవింగ్ కలిపి పావు కంటే కొంచెం ఎక్కువ. మిగిలింది వేగం, వయసు. మీరు వేరేగా ఇవ్వొచ్చు, కానీ టేప్ చూడకముందే నిర్ణయించుకోండి, లేకపోతే నచ్చిన ఆటగాడికి తగ్గట్టు బరువులు మారిపోతూ ఉంటాయి. ప్రతి జతకీ ఒక్క వాక్యం రాయండి, ‘ఇతను అతనికంటే పైన, ఎందుకంటే’ అని. ఆ ‘ఎందుకంటే’ తర్వాత కాలేజ్ పేరో ట్రోఫీ పేరో వస్తే మళ్లీ టేప్ దగ్గరికి వెళ్లాలి. మూడో నంబర్‌కీ ఏడో నంబర్‌కీ మధ్య ఇలాంటి వాక్యం రాయలేకపోతే వాళ్లంతా ఒకే టియర్ (స్థాయి), వరస కోసం కొట్టుకోవద్దు. 2024లో ఫస్ట్ రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా వెళ్లలేదు, అలాంటి ఏడాది నంబర్ వన్ అన్న మాటకి పెద్ద అర్థం ఉండదు.

డ్రాఫ్ట్ మొదలయ్యే గురువారం సాయంత్రంలోపు ఈ లిస్టుని సేవ్ చేసి పక్కన పెట్టేయండి. ఎవరు ఏ జట్టుకి వెళ్లారో చూశాక రెండో లిస్టు వేరేగా వేసుకోవాలి, ఎందుకంటే జట్టు మారితే ఫలితం మారుతుంది: 2018లో 2వ పిక్ అయిన సేక్వాన్ బార్క్లీ జెయింట్స్‌లో గాయాలతో, బలహీనమైన లైన్‌తో ఏళ్లు గడిపాక, 2024లో ఈగిల్స్ లైన్ వెనక 2,005 యార్డులు పరిగెత్తాడు. ఫాంటసీ లీగ్ (నిజమైన ఆటగాళ్ల స్టాట్స్‌తో ఆడే ఆట) ఆడేవాళ్లకి రెండో లిస్టే ముఖ్యం. ఆటగాళ్లని అంచనా వేయడం నేర్చుకోవాలంటే మాత్రం మొదటిదాన్ని దిద్దకుండా ఉంచండి, రెండు మూడు సీజన్ల తర్వాత తీసి చూస్తే మీరు ఏ రకం రన్నర్‌ని ఎప్పుడూ ఎక్కువ అంచనా వేస్తున్నారో దొరికిపోతుంది. ఇంత చేసినా ఇద్దరు సమానంగానే మిగిలితే, మూడో డౌన్‌లో మైదానంలో ఉండేవాడిని పైన పెట్టండి.